ఎస్పోసితో ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఏయే దేశాలకు చేరింది: మీరే వెతికి తెలుసుకోవడం ఎలా?

ఇటాలియన్ ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనుకునేవాళ్లు మొదట చేసే పని, ఇంటర్నెట్‌లో ఆ పేరు మ్యాప్ చూడటం. రంగు ఎక్కడ ముదురుగా ఉంటే అదే సొంతూరు అనుకుంటారు. చాలా పేర్లకు ఈ లెక్క సరిపోతుంది. ఎస్పోసితోకి మాత్రం అస్సలు సరిపోదు. అందుకే ఆ పేరునే తీసుకుని పద్ధతి అంతా చెబుతున్నాను. దీన్ని వెతకడం వస్తే మిగతా ఇటాలియన్ పేర్లు మీకు తేలికగానే లొంగుతాయి.

ఒక్క మాట ముందే గుర్తుపెట్టుకోండి. ఇంటిపేరు వెంట పడితే ఎక్కడికీ చేరరు. సొంతూరి పేరు దొరికిన రోజే అసలు పని మొదలవుతుంది. కింద చెప్పేదంతా ఆ ఊరి పేరు సంపాదించడానికే.

మ్యాప్ చూడండి, కానీ చూడటం నేర్చుకుని చూడండి

కొన్యోమిక్స్ అని ఒక ఇటాలియన్ సైట్ ఉంది. పలకడం ఎలా ఉన్నా, టైప్ చేసేటప్పుడు సీ-ఓ-జీ-ఎన్-ఓ-ఎం-ఐ-ఎక్స్ అని కొట్టాలి. ఇంటిపేరు ఇస్తే ఇటలీలో ఏ ప్రాంతంలో, ఏ జిల్లాలో, ఏ ఊళ్లో ఆ పేరువాళ్లు ఎంతమంది ఉన్నారో చూపిస్తుంది.

ముందు ఒక సులువైన పేరుతో చూడండి. 2025లో కన్నుమూసిన పోప్ ఫ్రాన్సిస్ ఇంటిపేరు బెర్గోల్యో. అరుదైన పేరు. వెతికితే వాయవ్య ఇటలీలోని పియెమోంతె వైపే చూపిస్తుంది. ఆయన తాతగారు పుట్టింది అక్కడే, పోర్తకొమారో అనే చిన్న ఊళ్లో. తాత, నాయనమ్మ, తండ్రి కలిసి 1929లో జూలియో చేజరె అనే ఓడలో బ్యూనస్ ఎయిర్స్ చేరారు. అంతకుముందే ప్రిన్చిపెస్సా మఫాల్దా ఓడకి టికెట్లు కొనుక్కున్నారు గానీ, ఉన్నవి అమ్ముకోవడం ఆలస్యమై ఎక్కలేకపోయారు. ఆ ఓడ 1927 అక్టోబరులో బ్రెజిల్ తీరం దగ్గర మునిగిపోయి 300 మందికి పైగా చనిపోయారు. ఇలాంటి అరుదైన పేరుకి మ్యాప్ నేరుగా దారి చూపిస్తుంది.

ఇప్పుడు రోస్సి, రుస్సో కొట్టి చూడండి. రెండూ ఎర్రజుట్టు, ఎర్రటి రంగు మనుషులకు వచ్చిన పేర్లే. రోస్సి ఉత్తర, మధ్య ఇటలీలో ఎక్కువ, రుస్సో దక్షిణాన ఎక్కువ. పేరు చివర 'ఇ' ఉంటే ఉత్తరం, 'ఓ' ఉంటే దక్షిణం అని ఒక మోటు లెక్క వేసుకోవచ్చు. మినహాయింపులు బోలెడు. ఇలాంటి పేరు ఒకే కుటుంబం నుంచి పాకింది కాదు, వందల ఊళ్లలో విడివిడిగా పుట్టింది. కమ్మరి పని నుంచి వచ్చిన ఫెర్రారి కూడా అంతే.

ఇక ఎస్పోసితో. ఇటలీలో బాగా ఎక్కువమందికి ఉన్న పేర్లలో ఇదొకటి. మ్యాప్‌లో కంపానియా ప్రాంతం, అందులోనూ నేపుల్స్ చుట్టుపక్కల, చిక్కగా కనిపిస్తుంది. అలా కనబడగానే "ఓహో, నేపుల్స్‌లో ఎస్పోసితో అనే పెద్ద వంశం ఉండేదన్నమాట" అనుకుంటారు. అలాంటి వంశమే లేదు.

నేపుల్స్‌లో అనున్‌త్సియాతా గోడకి ఒక చక్రం ఉండేది

ఈ భాగం నిదానంగా చదవండి. ఇది తెలియకపోతే తర్వాత రికార్డుల్లో కనిపించేది అర్థం కాదు.

నేపుల్స్ పాతబస్తీలో ఫోర్చెల్లా అనే పేట ఉంది. అక్కడ అనున్‌త్సియాతా అనే పెద్ద ధర్మసంస్థ ఉండేది: చర్చి, ఆసుపత్రి, అనాథాశ్రమం అన్నీ కలిపి. దాని గోడలో నిలువుగా తిరిగే ఒక చెక్క పీపా అమర్చారు. ఇటాలియన్‌లో దాన్ని రువోతా, అంటే చక్రం, అంటారు. పెంచలేని తల్లి బయటి వైపు నుంచి బిడ్డను అందులో పెట్టి తిప్పుతుంది. బిడ్డ గోడ లోపలికి వెళ్తుంది. లోపల కాపలా ఉన్న ఆడమనిషి అందుకుంటుంది. తల్లి ముఖం ఎవరికీ కనబడదు. ఆకలి, పెళ్లికాని తల్లి మీద పడే నింద, పుట్టగానే తల్లి చనిపోవడం... ఏదైనా కారణం కావచ్చు, ఎవరూ అడగరు.

లోపల ఒక రిజిస్టరు ఉండేది. ఏ రోజు, ఏ వేళకి వచ్చింది, వయసు సుమారుగా ఎంత, ఒంటి మీద ఏ గుడ్డ ఉంది, ఏదైనా గుర్తు పెట్టారా అని రాసేవారు. సగానికి విరిచిన పతకమో, చీటీ ముక్కో, దారానికి కట్టిన ఏదో వస్తువో ఉంటే అదీ రాసేవారు, ఎప్పుడైనా తల్లి తిరిగొస్తే పోల్చుకోవడానికి. బిడ్డ మెడలో మేరీమాత బొమ్మ ఉన్న సీసపు బిళ్ల వేసేవారు. ఈ పిల్లల్ని ఊళ్లో 'మేరీమాత బిడ్డలు' అని పిలిచేవాళ్లు. ఆ పిలుపులో కొంత ఆప్యాయత కూడా ఉండేదని నాకు అనిపిస్తుంది.

ఇంటిపేరుగా రాసింది మాత్రం ఎస్పోసితో. బయట పెట్టబడిన బిడ్డ అని దాని అర్థం, లాటిన్ నుంచి వచ్చింది. ఒకే చక్రంలోంచి తరతరాలుగా వచ్చిన, ఒకరికొకరు ఏమీ కాని వేల మందికి ఒకటే ఇంటిపేరు. వాళ్ల పిల్లలకు అదే, మనవలకు అదే.

పేరు వినగానే పుట్టుక తెలిసిపోయేది కాబట్టి, నేపుల్స్‌ని ఫ్రెంచివాళ్లు ఏలిన 1810ల్లో జోకిమ్ మురా ప్రభుత్వం ఆ పేరు పెట్టడం ఆపించింది. ఆ తర్వాత దొరికిన పిల్లలకు అధికారులు ఏదో ఒక కొత్త ఇంటిపేరు కల్పించి రాసేవారు. చక్రాన్ని 1875లో మూసేశారు. ఇప్పటికీ వెళ్లినవాళ్లు ఆ స్థలం చూడొచ్చు.

మీకు ఇందులో పనికొచ్చే లెక్క ఒకటుంది. మీరు వెతికే ఎస్పోసితో 1880లో పుట్టాడనుకోండి, తండ్రి కూడా ఎస్పోసితోనే. అప్పుడు చక్రంలోంచి వచ్చింది ఆ మనిషి కాదు, చాలావరకు 1810ల కంటే ముందు పుట్టిన ముత్తాతో, అంతకు పైవాడో. అంటే కనీసం మూడు, నాలుగు తరాలు మామూలు కుటుంబ రికార్డుల్లోనే దొరుకుతాయి. "అనాథ పేరు కదా, ఇంకేం దొరుకుతుంది" అని చాలామంది వెతక్కుండానే వదిలేస్తారు. వదలకండి.

చుట్టాలు కాని పేర్లు, చుట్టాల్లా కనిపించే పేర్లు

ఒక్కో నగరం ఒక్కో పేరు పెట్టింది. రోమ్, ఉంబ్రియా వైపు ప్రొయెత్తి. ఫ్లోరెన్స్‌లో 1445లో తెరిచిన ఇన్నొచెంతి ఆశ్రమం పేరు మీద ఇన్నొచెంతి, దెల్యిన్నొచెంతి. మిలాన్ ఆసుపత్రి చిహ్నం పావురం, అందుకని అక్కడి పిల్లలకు కొలొంబో. సిసిలీలో త్రొవాతో. బొలోన్యా వైపు దెల్యెస్పోస్తి. సోరెంతో వైపు దెస్పోసితో కనిపిస్తుంది. మొదటి అక్షరం ఊడిపోయిన స్పోసితో కూడా ఉంది.

స్పెయిన్‌లో ఎక్స్‌పోసితో అని అచ్చం ఇలాంటిదే, అదే కారణంతో పుట్టిన పేరు ఉంది. లాటిన్ అమెరికాలో వెతికేవాళ్లకి ఇదే పెద్ద తలనొప్పి. అర్జెంటీనాలో ఇటాలియన్ ఎస్పోసితోలు స్పానిష్ పద్ధతిలో పేరులోని మొదటి 'ఓ' మీద ఒత్తు గుర్తు పెట్టుకుంటారు. క్యూబాలోనో మరోచోటో ఎక్స్‌పోసితో కనబడితే అది స్పెయిన్ నుంచి వచ్చిన పేరు కావచ్చు. ఒక్క గుమస్తా ఎస్ బదులు ఎక్స్ రాసినా రెండూ కలిసిపోతాయి. కాబట్టి రెండు స్పెల్లింగుల్లోనూ వెతకండి, కానీ తల్లిదండ్రుల పేర్లు కలిస్తేనే నమ్మండి.

విదేశాల మ్యాప్: ఏ తరంగంలో ఎవరు వెళ్లారు

ఫోర్‌బేర్స్ అనే సైట్‌లో ఇంటిపేరు కొడితే దేశాలవారీగా అంచనా ఇస్తుంది. ఆ అంకెల్ని జనాభా లెక్కలా తీసుకోకండి. రకరకాల సంవత్సరాల జాబితాల నుంచి కట్టిన అంచనాలవి. ఎస్పోసితోలకు ఇటలీ తర్వాత అర్జెంటీనా, అమెరికా ప్రధానంగా కనిపిస్తాయి. బ్రెజిల్, ఉరుగ్వే, కెనడా, ఫ్రాన్స్, జర్మనీ, ఆస్ట్రేలియాల్లోనూ ఉన్నారు.

దేశాల పేర్ల కంటే ముఖ్యమైంది కాలం. ఇటలీ ప్రభుత్వం వలసల లెక్క రాయడం 1876లో మొదలుపెట్టింది. అప్పటి నుంచి వందేళ్లలో సుమారు 2.6 కోట్ల మంది బయటికి వెళ్లారు. ఒక్క 1913లోనే 8.7 లక్షల మంది దాకా వెళ్లారు. తిరిగొచ్చినవాళ్లు కూడా చాలామందే. ఒకే మనిషి మూడుసార్లు సముద్రం దాటి ఉండొచ్చు. అందుకని ఒక ఓడ జాబితాలో దొరకగానే అదే మొదటి రాక అని తేల్చేయకండి.

బ్రెజిల్‌కి ప్రభుత్వ ఖర్చుతో కూలీల్ని తీసుకెళ్లే పద్ధతిని ఇటలీ 1902లో నిషేధించింది. ఆ తర్వాత అటు వెళ్లేవాళ్లు బాగా తగ్గారు. కంపానియా నుంచి అమెరికా వెళ్లిన జనం ఎక్కువగా 1890ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా. బెల్జియం బొగ్గు గనులకు 1946 ఒప్పందంతో, పశ్చిమ జర్మనీ ఫ్యాక్టరీలకు 1955 ఒప్పందంతో వెళ్లారు. 1956లో బెల్జియంలోని మార్సినెల్ గనిలో మంటలు లేచి 262 మంది చనిపోతే అందులో 136 మంది ఇటాలియన్లే. మీ ఎస్పోసితో కుటుంబం బెల్జియంలో ఉంటే ఓడల జాబితాల్లో సమయం వృథా చేసుకోకండి. వాళ్లు రైల్లో వెళ్లారు.

ఇక్కడే ఒక మాట. కెనడాలోని సూ సెంట్ మేరీలో పుట్టి ఐస్ హాకీలో పేరు తెచ్చుకున్న ఫిల్, టోనీ ఎస్పోసితో అన్నదమ్ములు, నటుడు జాంకార్లో ఎస్పోసితో, అర్జెంటీనా గాయని లాలీ ఎస్పోసితో, 1889లో రాణి కోసం మార్గరీటా పిజ్జా చేశాడని కథగా చెప్పుకునే రఫాయెలె ఎస్పోసితో: వీళ్లందరినీ ఒకే చెట్టు కింద కట్టాలని చూడకండి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం ఉండదు.

సొంతూరు పట్టుకోవడం

ఇక చేతులు కదిలించే పని. పాత కుటుంబ రికార్డులు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో ఉచితంగా ఖాతా తెరవండి. సగం పని అక్కడే అవుతుంది.

*అమెరికా అయితే.* దగ్గరి కాలం నుంచి వెనక్కి వెళ్లండి. 1950 జనాభా లెక్కలు 2022లో బయటపెట్టారు, అక్కడ మొదలుపెట్టి 1920, 1910కి దిగండి. 1920 లెక్కల్లో ఎప్పుడు వచ్చారు, పౌరసత్వం వచ్చిందా లేదా అన్న గళ్లు ఉంటాయి. ఆ ఏడాది దొరికితే పౌరసత్వం దరఖాస్తు వెతకండి. 1906 సెప్టెంబరు తర్వాతి దరఖాస్తులు వివరంగా ఉంటాయి: పుట్టిన చోటు, ఓడ పేరు, దిగిన తేదీ అన్నీ. అంతకు ముందువి చాలావాటిలో 'ఇటలీ' అని ఒక్క మాటే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం అప్పటి సైనిక నమోదు కార్డులు కూడా వదలకండి. 1917 జూన్ విడత కార్డులో పుట్టిన ఊరు అడిగారు.

ఆ తర్వాత ఓడ జాబితా. న్యూయార్క్ రేవులో వలసవాళ్లను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్ కేంద్రాన్ని 1892లో తెరిచారు. అక్కడి అధికారులు పేర్లు మార్చేశారన్న కథ బాగా వినిపిస్తుంది. అది నిజం కాదు. జాబితా రాసింది ఓడ కంపెనీ గుమస్తాలు, అదీ ఎక్కే రేవులోనే. ఎల్లిస్ ఐలాండ్ అధికారి ఆ జాబితా చూసి ప్రశ్నలు అడిగేవాడు, అంతే. పేరు మారింది ఎక్కువగా తర్వాత, స్కూల్లో, ఫ్యాక్టరీలో. కాబట్టి ఓడ జాబితాలో ఇటాలియన్ స్పెల్లింగుతోనే వెతకండి. ఆడవాళ్లను పుట్టింటి ఇంటిపేరుతో వెతకండి, ఇటాలియన్ కాగితాల్లో పెళ్లయినా పుట్టింటి పేరే రాస్తారు. 1907 తర్వాతి జాబితాలు రెండు పేజీల వెడల్పు ఉంటాయి. స్వదేశంలో దగ్గరి బంధువు ఎవరు, ఏ ఊళ్లో ఉంటారు అన్న గడి, కుడి పేజీ చివర్లో పుట్టిన ఊరి గడి ఉంటాయి. చాలామంది ఎడమ పేజీ ఒక్కటే చూసి వచ్చేస్తారు.

ఒక ఉచ్చు గురించి గట్టిగా చెప్పాలి. నేపుల్స్‌ని ఇటాలియన్‌లో నాపోలి అంటారు. 'నాపోలి' అని కనబడగానే సంబరపడకండి. అది నగరం కావచ్చు, జిల్లా కావచ్చు, ఓడ ఎక్కిన రేవు కావచ్చు. సొంతూరు తోర్రె దెల్ గ్రెకో అయినా, వేరే జిల్లా పల్లెటూరు అయినా కాగితం మీద నాపోలి అనే ఉంటుంది. రెండో కాగితం ఒప్పుకునేదాకా నమ్మకండి.

*అర్జెంటీనా అయితే.* బ్యూనస్ ఎయిర్స్‌లో సెమ్లా అనే వలసల అధ్యయన కేంద్రం ఓడల్లో దిగినవాళ్ల జాబితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించింది. వయసు, వృత్తి, ఓడ, దిగిన తేదీ ఉంటాయి, ఊరు మాత్రం తరచూ ఉండదు. ఊరికి చర్చి పెళ్లి రిజిస్టరే దిక్కు. పెళ్లికొడుకు ఎక్కడ పుట్టాడో, తల్లిదండ్రులు ఎవరో అందులో రాస్తారు. ఒకరిది ఖాళీగా ఉంటే అన్నదమ్ముల పెళ్లిళ్లు కూడా చూడండి.

*బ్రెజిల్ అయితే.* సావో పాలోలో వలసవాళ్లను దించిన పెద్ద సత్రం 1887లో తెరిచారు. ఇప్పుడది వలసల మ్యూజియం. దాని రిజిస్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, కుటుంబం మొత్తం ఒకేచోట రాసి ఉంటుంది.

ఇటలీ రికార్డు చదవడం

ఊరు దొరికిందా? అంతెనాతి పోర్టల్ తెరవండి. ఇటలీ ప్రభుత్వ ఆర్కైవ్స్ వాళ్లది, ఉచితం. దక్షిణ ఇటలీ వెతికేవాళ్ల అదృష్టం ఏమిటంటే, నేపుల్స్ రాజ్యంలో ప్రభుత్వ జనన మరణ రిజిస్టర్లు 1809లోనే మొదలయ్యాయి. సిసిలీలో 1820లో. ఉత్తరాన చాలా చోట్ల 1866 దాకా ఆగాలి. అంతకు వెనక్కి వెళ్లాలంటే చర్చి పుస్తకాలే.

నేపుల్స్ నగరమే అయితే ఇంకో మెట్టు ఉంది. నగరం రిజిస్టర్లు పన్నెండు పేటలుగా విడిపోయి ఉంటాయి: మెర్కాతో, పెందీనో, వికారియా, స్తెల్లా, సాన్ లొరెన్‌త్సో వగైరా. పేట తెలియకపోతే ఒక్కో పేట ఏటేటి సూచిక తిరగేయాల్సిందే. సూచిక రిజిస్టరు చివర్లో ఉంటుంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. మనలాగే వాళ్ల కాగితాల్లోనూ ఇంటిపేరు ముందు వస్తుంది.

ఒకే ఊళ్లో ఆంతోనియో ఎస్పోసితోలు అరడజను మంది కనబడతారు. తాత పేరు పెద్ద మనవడికి పెట్టే ఆచారం అక్కడా ఉండేది, అందుకే ఇంతమంది. వీళ్లని విడదీయడానికి పేరు పక్కన ఉన్న రెండక్షరాల మాట చూడండి. తండ్రి పేరు ముందు 'ది' అని ఉంటే తండ్రి బతికే ఉన్నాడు. 'ఫు' అని ఉంటే చనిపోయాడు. 1841 కాగితంలో 'ది', 1846 కాగితంలో 'ఫు' ఉంటే, ఆ ఐదేళ్ల మరణాల రిజిస్టరు తిరగేస్తే తండ్రి దొరుకుతాడు. ఆ మరణ పత్రంలో ఆయన తల్లిదండ్రుల పేర్లు కూడా ఉంటాయి.

అన్నిటికంటే విలువైనవి పెళ్లి పత్రాలకు జతచేసిన కాగితాలు. అంతెనాతిలో 'ప్రొచెస్సెత్తి' లేదా 'అల్లెగాతి' అని ఉంటాయి. వధూవరుల జనన పత్రాల నకళ్లు, తండ్రి లేకపోతే ఆయన మరణ పత్రం, చాలాసార్లు తాతది కూడా. 1820 నాటి పెళ్లి కట్టతో 1700ల్లోకి వెళ్లిపోవచ్చు. ఎస్పోసితో కుటుంబానికి చక్రం దాకా తీసుకెళ్లే కాగితం దొరికేది ఎక్కువగా ఈ కట్టల్లోనే.

బిడ్డ చక్రంలో దొరికిన జనన పత్రం మామూలు పత్రంలా ఉండదు. తండ్రి బదులు చక్రం కాపలా మహిళ బిడ్డను అధికారి దగ్గరికి తెచ్చి చూపిస్తుంది. ఏ వేళకి దొరికింది, ఎన్ని గంటల బిడ్డ, ఏ గుడ్డల్లో చుట్టి ఉంది, ఒంటి మీద గుర్తులేమిటి అని అచ్చు వేసిన వరుసల మధ్య చేత్తో రాస్తారు. 'ప్రొయెత్తో', 'ప్రొయెత్తా' (వదిలేసిన బిడ్డ) అన్న మాట కనబడితే మీరు ఆ పత్రం దగ్గరే ఉన్నారని అర్థం. అక్కడ తొందరపడకండి. పత్రం అంచున తర్వాత ఎప్పుడో ఎవరో రాసిన గమనిక ఉండొచ్చు. కొన్నిసార్లు తల్లిదండ్రులు తర్వాత పెళ్లి చేసుకుని బిడ్డను తమదిగా ఒప్పుకున్నారని ఆ గమనికే చెబుతుంది.

ఊరి ఆఫీసుకి రాయడం

ఆన్‌లైన్‌లో లేని ఏడాది అయితే ఆ ఊరి మునిసిపల్ ఆఫీసులో 'స్తాతో చివీలె' (జనన, మరణ, పెళ్లి రికార్డుల) విభాగానికి ఈమెయిల్ పంపండి. ఇటాలియన్‌లోనే, ఐదారు వాక్యాల్లో రాయండి. పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరుతో సహా, పుట్టిన ఏడాది, తెలిస్తే పత్రం నంబరు ఇవ్వండి. 'కోపియా ఇంతెగ్రాలె' అని అడగండి, అంటే అంచు గమనికలతో సహా పూర్తి నకలు. ఒక్క మెయిల్‌లో ఒక్క పత్రమే అడగండి. పదిమంది పేర్లు రాసి "వీళ్లలో ఎవరైనా ఉన్నారా" అంటే జవాబు రాదు.

వందేళ్లు దాటిన పత్రానికి 300 యూరోల దాకా వసూలు చేసుకునే అధికారం 2025 నుంచి మునిసిపాలిటీలకు ఉంది. అన్ని ఊళ్లూ తీసుకోవు. ముందు ఫీజు ఎంతో కనుక్కోండి. అసలు ప్రతి రిజిస్టరుకీ రెండు ప్రతులు ఉండేవి, ఒకటి ఊళ్లో, ఇంకోటి కోర్టు ద్వారా ప్రభుత్వ ఆర్కైవ్స్‌కి చేరేది. ఊరి ప్రతి చూపించకపోతే ఆ జిల్లా ఆర్కైవ్స్‌ని అడగండి. మగవాళ్ల విషయంలో సైనిక నమోదు జాబితాలు కూడా అక్కడే ఉంటాయి, 'లిస్తె ది లేవా' అని అడగండి. ఇరవై ఏళ్ల కుర్రాడు పిలుపు అందే వేళకి దేశంలో లేకపోతే, ఎక్కడికి వెళ్లాడో పేరు పక్కన రాసి ఉండే అవకాశం ఉంది. న్యూయార్క్‌లోనో బ్యూనస్ ఎయిర్స్‌లోనో మీకు దొరికిన మనిషి ఇతనేనా కాదా అన్నది ఆ వరుసతో తేల్చుకోవచ్చు.